సైకిల్ తొక్కితే మోకాలి నొప్పి

ప్రశ్న: నా వయసు 42. నెల కిందట గేర్ల సైకిల్ కొన్నాను. రోజూ 15 కిలోమీటర్లు తొక్కుతున్నాను. వారం నుంచి మోకాళ్ల ముందు భాగం నొప్పి. మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. సైకిల్ మానేయాలా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: మానక్కర్లేదండీ. నొప్పి ముందువైపు ఉందంటే మొదట సీటు ఎత్తునే అనుమానించాలి. చాలామంది రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటు దించుకుంటారు. అప్పుడు మోకాలు ఎక్కువగా ముడుచుకుని, చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది.

సీటు ఎత్తు సరిచూసుకోవడానికి గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. మడమను పెడల్‌పై ఉంచి కిందికి తిప్పండి. పెడల్ పూర్తిగా కిందికొచ్చేసరికి కాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు మాత్రం పాదం ముందు భాగమే పెడల్‌పై ఉండాలి. అప్పుడు మోకాలిలో కాస్త వంపు మిగులుతుంది. సీటు మరీ పెంచితే నొప్పి మోకాలి వెనక్కి మారుతుంది, జాగ్రత్త.

బరువైన గేరులో బలంగా తొక్కడం రెండో కారణం. తేలిక గేరు వేసి, నిమిషానికి 70–80 చుట్లు తిరిగేలా తొక్కండి. ఎత్తు ఎక్కేముందే గేరు మార్చండి. రెండు వారాలు దూరం సగానికి తగ్గించి, నొప్పి లేకపోతేనే మెల్లగా పెంచండి. తొడ, పిరుదుల కండరాలకు వ్యాయామమూ అవసరమే.

మోకాలు వాచినా, పట్టేసినా, నడుస్తుంటే జారిపోతున్నట్టున్నా, రాత్రి నిద్రపట్టనంత నొప్పి ఉన్నా ఆగకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. ఇవేవీ లేకున్నా మూడు వారాల్లో తగ్గకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి.