ప్రకటనలను నిరాకరించిన పత్రిక

వెల యిచ్చి పత్రికను కొనుచున్నాము గనుక దానిని పోషించువారము మనమే యని తలంతుము. అది కొంతవఱకే నిజము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మన్సీ యను ప్రచురణకర్త 1893వ సంవత్సరమున తన మాసపత్రిక వెలను 25 సెంట్లనుండి 10 సెంట్లకు తగ్గించెను. చూచినవారు అతడు నష్టపడునని తలచిరి. కాని వెల తగ్గగా చదువరులు పెరిగిరి. చదువరులు పెరుగగా వ్యాపారులు ప్రకటనలతో వచ్చిరి. అతని లాభము చదువరి జేబునుండిగాక వ్యాపారి పెట్టెనుండి వచ్చెను. తక్కిన పత్రికలును ఆ త్రోవనే పట్టినవి.

ఇరువదవ శతాబ్దారంభమునాటి ఆ దేశపు మాసపత్రికను తెఱచినచో సబ్బులు, బిస్కత్తులు, కొడక్ కెమెరాలు, కార్యాలయములకు కావలసిన టైపురైటర్లు చక్కని బొమ్మలతో పుటలనిండ కానవచ్చును. వీనిలో పెక్కు మేలైన వస్తువులే. ఐవరీ సబ్బు నూటికి 99.44 పాళ్లు స్వచ్ఛమని చాటుచుండెడివారు. నూటికి నూఱు అన్నచో నమ్మనివారు సయితము ఆ చిన్న లోటును జూచి నమ్మియుందురు!

కీడు చేసినవి పేటెంటు మందులు. పేరునకే కాని వీనిలో పెక్కింటికి పేటెంటు లేదు. లోపల ఏమున్నదో సీసాపై తెలుపవలెనను నిర్బంధమును నాడు లేదు. బిడ్డల యేడుపు మాన్పుటకు తల్లులు పోయు పానకమున నల్లమందు సారముండెను. మద్యమును ముట్టమని ఒట్టు పెట్టుకొన్న స్త్రీలు, బలమునకని త్రాగిన మందులో మద్యసారమునే త్రాగుచుండిరి.

ఫిలడెల్ఫియా నగరమున సైరస్ కర్టిస్ అను నతడు 'లేడీస్ హోమ్ జర్నల్' అను స్త్రీల పత్రికను నడపుచుండెను. దాని సంపాదకుడు ఎడ్వర్డ్ బాక్, ఆఱేండ్ల ప్రాయమున హాలండునుండి వలస వచ్చినవాడు. వీరు 1892లో, మందుల ప్రకటనలను ఇకమీద స్వీకరింపమని ప్రకటించిరి. చేతికి వచ్చు ధనమును వలదనుట యది. అయినను పత్రిక క్షీణింపలేదు. 1903 నాటికి దాని చందాదారులు పది లక్షలైరి.

1904లో బాక్ ఏ మందులో మద్యసారము ఎంత యున్నదో పట్టికగా వేసి ప్రచురించెను. అందొక మందు విషయమున, ఎన్నడో జరిగిన పరీక్షను నమ్మి, లేని పదార్థములను ఉన్నవని వ్రాసెను. తప్పును ఒప్పుకొన్నను మందు యజమాని వ్యాజ్యము వేసి గెలిచెను. పత్రిక పరిహారము చెల్లింపవలసి వచ్చెను. అబద్ధమాడువానికి లేని జాగ్రత్త సత్యము చెప్పువానికి కావలసియున్నది. పిదప బాక్ సాక్ష్యములు సేకరించుటకై మార్క్ సల్లివన్ అను యువ న్యాయవాదిని నియమించెను.

ఆ దినములలో లిడియా పింకమ్ అను నామె పేర ఒక స్త్రీల మందు అమ్ముడగుచుండెను. అందు నూటికి సుమారు 18 పాళ్లు మద్యసారము. ప్రకటనలలో ఆమె చిత్రము దయగల ముత్తవవలె చూచుచుండును. పురుష వైద్యునికి చెప్పుకొనజాలని బాధలను శ్రీమతి పింకమ్‌కు వ్రాయుడని ఆ ప్రకటనలు స్త్రీలను పిలుచుచుండెను. ఎందఱో గుండె విప్పి వ్రాసిరి. 1905లో బాక్ అట్టి ప్రకటన నొకదానిని అచ్చువేసి, దాని ప్రక్కనే లిన్ పట్టణపు శ్మశానమందలి యొక సమాధి ఛాయాచిత్రమును ముద్రించెను. ఆ ఱాతిపై లిడియా పింకమ్ పేరును, మరణ సంవత్సరము 1883 అనియు చెక్కబడియుండెను.

దినపత్రికలు ఇన్నేండ్లు ఏల మౌనము వహించినవి? ఆ గుట్టును సల్లివన్ బయటపెట్టెను. మందుల కంపెనీలు పత్రికలతో చేసికొన్న ఒడంబడికలలో ఒక షరతు కలదు: ఆ రాష్ట్రమున తమ వ్యాపారమునకు భంగకరమగు శాసనము వచ్చెనా, ఒడంబడిక రద్దగును. ఇక లంచ మీయ నేల? శాసనసభలో మందులపై బిల్లు రాగానే దానిని వ్యతిరేకించుట పత్రికాధిపతికి స్వంత పని యయ్యెను. సల్లివన్ వ్యాసము తన పత్రికకు మిక్కిలి దీర్ఘమగుటచే బాక్ దానిని 'కాలియర్స్' వారపత్రిక కిచ్చెను. అందే 1905 అక్టోబరునుండి శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ ఈ మందులపై వరుసగా వ్యాసములు వ్రాయుచుండెను.

1906 జూన్ 30న అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ ఆహారౌషధ శాసనముపై సంతకము చేసెను. మద్యసారము, నల్లమందు, కొకెయిన్ మున్నగునవి ఉన్నచో వాని పరిమాణమును సీసాపై తెలుపుట విధి యయ్యెను. అయితే ఆ శాసనము సీసాపై చీటీకే వర్తించెను; పత్రికలోని ప్రకటనను అది ముట్టలేదు. మందుల ప్రకటనలలోని అసత్యములను అరికట్టు స్పష్టమైన అధికారము ఫెడరల్ ట్రేడ్ కమిషనుకు 1938లో గాని లభింపలేదు. లిడియా పింకమ్ మందు మద్యసారమును కొంత తగ్గించుకొని, 1920 తరువాతి యేండ్లలో మునుపటికంటె హెచ్చుగా అమ్ముడుపోయెను.