ఆంగ్లేయుల కుట్టుపని – నిరాడంబరతలోని నేర్పు

వేషధారణ అనగానే మనకు మెరుపులు, రంగులు, అలంకారాలు స్ఫురిస్తాయి. పురుషుల దుస్తుల విషయంలో ఇంగ్లండు ప్రపంచానికి నేర్పిన పాఠం ఇందుకు విరుద్ధమైనది. చూపరుల దృష్టి దుస్తులపై కాక, వాటిని ధరించిన మనిషిపై నిలవాలన్నదే ఆ పాఠంలోని సారాంశం.

పద్దెనిమిదవ శతాబ్దంలో ఐరోపా ప్రభువర్గంవారు పట్టు, జరీ, లేసులతో కూడిన దుస్తులు ధరించేవారు. ఆ శతాబ్దాంతంలో లండన్ నగరాన జార్జి బ్రమెల్ (1778–1840) ముదురు నీలిరంగు ఉన్నికోటును, మల్లెపూవువంటి తెల్లని చొక్కాను, ఒంటికి అమరిన కుట్టును పెద్దమనిషితనానికి గుర్తులుగా నిలిపాడు. 1846లో హెన్రీ పూల్ తన దుకాణానికి సెవిల్ రో వైపున ద్వారం తెరిచాడు. క్రమంగా ఆ వీధి పేరే మేలైన దర్జీపనికి మారుపేరైంది.

ఈ కోటులోని గొప్పతనం పైకి కనబడదు. పైబట్టకు, లైనింగుకు నడుమ గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసు నుంచి, వేలకొలది చిన్న కుట్లతో దానిని చేతితో అమరుస్తారు. ఛాతీభాగపు నిండుదనం, కాలరు మడతలోని మెత్తని వంపు ఆ కుట్లవల్లనే ఏర్పడతాయి. ఒక్కొక్క సూటుకు 50 గంటలకు పైగా చేతిపని పడుతుంది. మధ్యమధ్య ట్రయలు చూచి సవరిస్తారు.

నేటి రెడీమేడు కోట్లలో అధికభాగం వాటిలో జిగురు పూసిన బట్టను వేడిచేసి అంటిస్తారు. దీనివల్ల ధర తగ్గి, కోటు సామాన్యునికి సైతం అందుబాటులోకి వచ్చింది. ఇది మేలే. కాని నాసిరకం పనిలో జిగురు వీడి, ఛాతీపై బుడగలు తేలుతాయి. చేతికుట్టు కోటునైతే విప్పి సరిచేయవచ్చు.

నిరాడంబరత అంటే చవక అని మాత్రం మనం భ్రమపడరాదు. బ్రమెల్ జూదంలో అప్పులపాలై, 1816లో ఫ్రాన్సుకు పారిపోయి, చివరకు అక్కడనే దారిద్ర్యంలో మరణించాడు. అతని జీవితం మనకు ఆదర్శం కాదు; అతడు చూపిన సూత్రం మాత్రం గ్రహింపదగినది.

ఆ సూత్రం మనకు పరాయిది కూడా కాదు. ఆంగ్లేయుల ఫ్రాక్ కోటు ప్రభావంతో రూపుదిద్దుకొన్న షేర్వాణీ హైదరాబాదు మర్యాదకు చిహ్నమైంది. మెడ, భుజం కుదరనిచో ఎంత ఖరీదైన బట్ట అయినా దానికి హుందాతనం తేలేదు. కనుక దుస్తులను ఎన్నుకొనేటప్పుడు విద్యార్థులమైన మనం పేరు చీటీని కాక కొలతను, శుభ్రతను, పనితనాన్ని చూడాలి. కంటికి కనబడని కుట్టు వెనుక ఒక శ్రామికుని నేర్పు ఉన్నదని గుర్తించి గౌరవించడమే నిజమైన సంస్కారం.