ముందు మందం తేల్చుకో

చిరంజీవి వంశీకి,

నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను. సన్నటి కేసు, వెండి రంగు డయల్, నీలం ముళ్ళు, తేదీ గడి లేదు. పటెక్ ఫిలిప్ వాళ్ళు 1932లో తెచ్చిన కలత్రావా మీద మనసు పడ్డావని తెలుస్తూనే ఉంది. కోరిక మంచిదే. లోపల పెడతానన్న మిషనే దానికి నప్పదురా.

సైకో ఎన్‌హెచ్35 చవక, గట్టిది, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఆటోమేటిక్ కదా, మందం 5.32 మిల్లీమీటర్లు. పైన డయలు, ముళ్ళు, అద్దం, కింద మూత చేరాక అది చొక్కా కఫ్ కిందికి దూరనని మొరాయిస్తుంది. డ్రెస్ వాచీకి అసలు పరీక్ష ఆ కఫ్ దగ్గరే. కొత్తవాళ్ళకి అందరూ చెప్పే యూనిటాస్ 6498 చేత్తో కీ ఇచ్చే రకం, మందం 4.5. అయితే అది జేబు గడియారానికి పుట్టిన మిషను, వ్యాసమే 36.6. దాన్ని పట్టే కేసు దాదాపు 40కి చేరుతుంది. ఆ మొదటి కలత్రావా కేసుతో కలిపి 31 దాటదు! నీ బొమ్మకు సరిపోయేది పెసో 7001: మందం 2.5, వ్యాసం 23.3, ఆరు దగ్గర చిన్న సెకన్ల ముల్లు. ఖరీదెక్కువే. అందుకే ముందు 6498కి నకలుగా చైనాలో సీగల్ వాళ్ళు చేసే ఎస్‌టీ36 ఒకటి కొనుక్కుని విప్పు, బిగించు, మళ్ళీ విప్పు. విప్పే ముందు స్ప్రింగులోని బిగువు మెల్లగా వదిలెయ్యడం మరవకు. చెయ్యి తిరిగాకే పెసో మాట ఎత్తు.

తాతయ్య హెచ్ఎంటీ జనతా వాచీలోని మిషను వాడుకోనా అన్నావు. వద్దు. సిటిజన్ వాళ్ళ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన కార్ఖానా సంతానం అది, 17 రాళ్ళ మిషను, మంచిదే. ఇప్పుడు బజారులో దొరికే జనతాల్లో రంగు మార్చిన డయళ్ళే ఎక్కువ. ఇంట్లో ఉన్నది అసలుది. దాని జోలికి పోకు.

ఇక ఖరీదైన వాచీలా కనిపించడం గురించి. అది బంగారు పూతతో రాదు, అంచులతో వస్తుంది. ముళ్ళు కొనేటప్పుడు ఉక్కువే అడుగు. నీలం అని అమ్మేవాటిలో చాలావాటికి రంగు పూసి ఉంటుంది, వెలుగులో తిప్పి చూస్తే చచ్చిన నీలంలా ఉంటుంది. ఉక్కు ముల్లుని ముందు మెరుగుపెట్టు, ఒక్క గీత ఉన్నా తరువాత అదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్పిరిట్‌తో తుడిచి, వేలు తగలకుండా, ఇత్తడి పొడి పోసిన చిన్న పళ్ళెంలో పెట్టి కింద దీపం పెట్టు. పొడి వేడిని అంతటా సమంగా పంచుతుంది. గడ్డి రంగు వస్తుంది, గోధుమ, ఊదా, ఆపైన 300 డిగ్రీల దగ్గర ఆ నిండు నీలం. దానికి కాపలా కాయాలి. క్షణాల్లో దాటిపోయి బూడిదలోకి దిగుతుంది. దాటిందా, నునుపు పట్టి మళ్ళీ మొదటి నుంచి. ఫోన్ పక్క గదిలో ఉంచు.

డయల్ కొనకు, చెయ్యి. పల్చటి ఇత్తడి రేకు మీద గంటల గీతలు చెక్కి, నల్ల లక్క కరిగించి నింపి, సమంగా రుద్దు. ఆ తరువాత సిల్వర్ క్లోరైడ్, ఉప్పు కలిపిన ముద్దతో రుద్దితే ఇత్తడి మీద వెండి కూర్చుంటుంది. బేకరీ సామాన్ల కొట్లో దొరికే టార్టార్ క్రీముతో తడిగా మళ్ళీ రుద్దితే ఆ వెండి మీది బూడిద రంగు పోయి తెల్లబడుతుంది. కడిగి, ఆరబెట్టి, పల్చగా లక్కర్ పూయి. పాత ఇంగ్లీషు గడియారాల డయళ్ళకి ఇదే పద్ధతి. చేతికి తొడుగులు వేసుకో, సిల్వర్ క్లోరైడ్ సీసా చీకట్లో ఉంచు, వెలుతురు తగిలితే ఆ మందు నల్లబడుతుంది.

ఇదంతా మొదటిసారే కుదరకపోవచ్చు. రోజర్ స్మిత్ అనే కుర్రాడు, గడియారాల తయారీలో చెయ్యి తిరిగిన జార్జ్ డేనియల్స్ 1981లో ఆ పని మీద రాసిన పుస్తకం చదువుకుని ఒక జేబు గడియారం చేసి ఆయనకే చూపించాడు. చేత్తో చేసినట్టు కనిపిస్తోంది అన్నాడట డేనియల్స్. మెప్పు కాదది. చేతి జాడ కనిపించకూడదని ఆయన పట్టు. స్మిత్ రెండోదానికి సుమారు 5 ఏళ్ళు పట్టింది, అప్పుడు డేనియల్స్ ఒప్పుకున్నాడు. నీ చేతిలో ఇంకా ఒక జేబు గడియారం కూడా లేదు కనుక కంగారుపడకు.

డయల్ మీద పటెక్ పేరు మాత్రం వెయ్యకు. స్నేహితుల దగ్గర సరదాకి కూడా వద్దు. నీ పేరు చిన్నగా వేసుకో, లేదంటే ఖాళీగా వదిలెయ్యి. ఖాళీ డయలే నాకు ఇష్టం.

కీ బటన్ వెనక సన్నటి కాడ కేసుకు తగ్గట్టు కత్తిరించాలి. పొడుగ్గా కోసి, ఆకురాయితో కొంచెం కొంచెం తగ్గించు. ఒక్కసారి పొట్టి చేస్తే మళ్ళీ కొనాల్సిందే. నా పాత స్క్రూడ్రైవర్లు పార్సిల్ చేశాను, మొనలు రాసుకుని వాడు. కేసు వ్యాసం తెలిసాక రాయి, ఆర్డరు పెట్టేముందు ఓసారి చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య