అంబాసిడర్ ఇంజన్‌ని ఇంట్లో విప్పుతున్నారా?

వారమంతా ఉద్యోగం, చేతిలో మిగిలేది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్కరోజుని నమ్ముకుని నాన్నగారి కాలం నాటి అంబాసిడర్‌ని మళ్ళీ రోడ్డెక్కించాలని పూనుకున్నవాళ్ళు నాకు తరచు ఫోన్ చేస్తుంటారు. ఇంజన్ దించాం, దేనితో కడగమంటారని అడుగుతారు. ఇవాళ కడగొద్దు, ముందు చూడండి అంటాను.

ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ జిడ్డూ మసీ ఇంజన్ జాతకం చెబుతాయి. కడిగేశాక అది మళ్ళీ దొరకదు. వాల్వ్ కవర్ లోపల లేత గోధుమరంగు మీగడలాంటిది అంటుకుని ఉందా చూడండి. బండి ఎప్పుడూ దగ్గర దూరాలే తిరిగితే మూత కింద కొద్దిగా పట్టడం మామూలే. అదే మీగడ సంపులో కూడా కనిపిస్తే మాత్రం ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నట్టే. హెడ్ గ్యాస్కెట్‌నీ, హెడ్‌నీ, బ్లాక్‌నీ అనుమానించాలి. తర్వాత నాలుగు ప్లగ్గులూ విప్పి వరసలో పెట్టండి. పొడి మసి పట్టినదానికి పెట్రోల్ ఎక్కువ అందుతోంది. నూనెతో తడిసినదాని సిలిండర్లో రింగులో, వాల్వ్ గైడ్లో అరిగాయి. పాలిపోయి తెల్లబడ్డది పెట్రోల్ చాలక వేడెక్కుతోంది. సంపు అడుగున మిగిలిన ఆయిల్‌ని తెల్ల పళ్ళెంలోకి వంచి అయస్కాంతం తిప్పండి. ఇనుప రజను అంటుకుంటుంది. అంటుకోకుండా రాగిరంగులోనో వెండిరంగులోనో మెరిసేది బేరింగ్ షెల్స్ నుంచి రాలింది. ఇవన్నీ ఫోటోలు తీసి ఒక నోటుబుక్కులో రాసుకున్నాకే కిరసనాయిలు సంగతి ఆలోచించండి.

ఇంజన్ ఇంకా దించలేదంటే మరీ మంచిది. కంప్రెషన్ గేజి తెచ్చి, ప్లగ్గులన్నీ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ఒక్కో సిలిండర్‌కీ సెల్ఫ్ కొట్టి చూడండి. తక్కువ చూపించిన సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టండి. రీడింగ్ పెరిగితే లోపం రింగుల్లో ఉంది, కదలకపోతే వాల్వుల్లో ఉంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ ఒకేలా పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలింది. ఈ పది నిమిషాల పని బోరు చేయించాలా వద్దా అన్న ఖర్చుని చాలావరకు తేల్చేస్తుంది.

నేను చెబుతున్నది పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. బ్రిటన్ బీఎంసీ కంపెనీ బి-సిరీస్‌లోది. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే కాబట్టి చాలామంది మెకానిక్కులు ధైర్యంగా కాస్టిక్ సోడాలో ఉడకబెడతారు. ఇనుముకి దానివల్ల ఏమీ కాదు. అల్యూమినియం అయితే కరిగిపోతుంది. అందుకే పిస్టన్లు, కార్బరేటర్ అందులో పడకూడదు. బ్లాక్ లోపల క్యామ్‌షాఫ్ట్ బేరింగులకి మెత్తటి లోహం పూత ఉంటుంది, అదీ ఆగదు. కొత్త బేరింగులు వేయించే ఉద్దేశం ఉంటేనే బ్లాక్‌ని సోడాకి పంపండి. ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తపడాలి, దాని హెడ్డే అల్యూమినియం. సోడా కలిపేటప్పుడు నీళ్ళలో సోడా వేయండి, సోడా మీద నీళ్ళు పోయకండి. కళ్ళద్దాలు, మోచేతిదాకా గ్లవుజులు లేకుండా ఆ డ్రమ్ము దగ్గరికి వెళ్ళొద్దు.

ఇంట్లో కడగడానికి అంత ఘాటు అక్కర్లేదు. కిరసనాయిలు ఇప్పుడు దొరకడం కష్టం, డీజిల్ చాలు. పెట్రోల్‌తో మాత్రం కడగకండి. పోర్టికోలో దాని ఆవిరి నేలబారున పాకుతుంది, వంటింట్లో పొయ్యి వెలుగుతూ ఉంటుంది. వైరు బ్రష్ పట్టినప్పుడు ఇంజన్ నంబరున్న చోట చెయ్యి తేలిక చేయండి. ఆ అంకెలు చెరిగితే ఆర్టీఏ ఆఫీసులో మీ బండిని మీదని ఒప్పించడం కష్టం.

విప్పిన వస్తువుల్ని కలపకండి. అట్టపెట్టెకి ఎనిమిది కన్నాలు పెట్టి పుష్‌రాడ్లు వరసగా గుచ్చండి. ట్యాపెట్లు పాతవే వాడేటట్టయితే ఏది ఏ క్యామ్ మీద అరిగిందో మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. మెయిన్ బేరింగ్ క్యాపులు మూడూ ఆ బ్లాక్‌తో కలిపి బోరు చేసినవి, తారుమారైతే క్రాంక్ బిగుసుకుంటుంది.

ఇక నేను నష్టపోయి నేర్చుకున్న విషయం. నా బండి బ్లాక్‌ని ఒక లేత్ షాపులో బోరు, హోనింగ్ చేయించాను. కడిగి ఇచ్చాం అన్నారు, బయటికి తళతళలాడుతోంది, నమ్మాను. బిగించాక ఇంజన్ చక్కగా పలికింది. వారం తిరక్కుండా ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. విప్పి చూస్తే కొత్త బేరింగుల నిండా గోటితో గీరినట్టు గీతలు. బ్లాక్ పొడవునా సాగే ఆయిల్ దారికి రెండు చివరలా ప్లగ్గులుంటాయి. వాటినెవరూ తీయలేదు. హోనింగ్ రాయి పొడి అక్కడే కూర్చుని ఆయిల్‌తోపాటు బేరింగుల్లోకి వెళ్ళింది. కొత్త షెల్స్ కొనాలి, క్రాంక్ మళ్ళీ గ్రైండింగ్‌కి పంపాలి. రెండు నెలల ఆదివారాలు పోయాయి.

కాబట్టి షాపు నుంచి వచ్చిన బ్లాక్‌ని మీరే మళ్ళీ కడగండి. ఆయిల్ దారి చివరల ప్లగ్గులు తీసి, పొడవాటి సన్న బ్రష్ ఇటునుంచి అటు దూర్చి, డీజిల్ పోసి, గాలి కొట్టించండి. బోరు గోడల్ని మాత్రం డీజిల్‌తో వదిలేయొద్దు. అది రాయి పొడిని తడుపుతుందే గాని పైకి లేపదు. వేడినీళ్ళూ బట్టల సబ్బుపొడీ వేసి గట్టిగా తోమండి. ఆరాక తెల్ల బనియను గుడ్డకి కాస్త ఆయిల్ రాసి బోరు లోపల తిప్పండి. గుడ్డ మీద బూడిదరంగు జాడ వస్తే మళ్ళీ తోమాలి. నాకు నాలుగోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. శుభ్రమైన వెంటనే ఆయిల్ పూయండి. కాకినాడ, విశాఖ గాలికి సాయంత్రానికల్లా తుప్పు రంగు తేలుతుంది.

నీటి జాకెట్ కూడా అంతే ముఖ్యం. బోరునీళ్ళు పోసిన బండైతే లోపల సున్నం గట్టిగా పట్టి ఉంటుంది. బ్లాక్ పక్కల ఉన్న గుండ్రటి ప్లగ్గులు ఊడదీసి ఆ సున్నం గోకకపోతే, రేడియేటర్ ఎంత కొత్తదైనా ఇంజన్ వేడెక్కుతూనే ఉంటుంది.

హెడ్ లేత్‌లో ఉన్నప్పుడే గట్టి లోహపు వాల్వ్ సీట్లు వేయించండి. 2000 ఫిబ్రవరి నుంచి మన బంకుల్లో సీసం కలిపిన పెట్రోల్ లేదు. పోత ఇనుములోనే కోసిన పాత సీట్లు దానిని నమ్ముకుని ఉన్నవి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం దానికి ఉబ్బి చివుకుతాయి. ఇథనాల్‌ని తట్టుకునే రకం అడిగి తీసుకోండి.

బిగించాక వెంటనే స్టార్ట్ చేయకండి. ప్లగ్గులు తీసేసి, ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ విడతలు విడతలుగా కొట్టండి. స్టార్ట్ కాకుండా కార్బరేటర్‌లోంచి తంతుంటే చాలాసార్లు డిస్ట్రిబ్యూటర్ సగం చుట్టు తప్పి కూర్చుందని అర్థం. ఒకటో సిలిండర్ ప్లగ్ కన్నం మీద బొటనవేలు అదిమి, ఇంకొకరిచేత ఇంజన్‌ని మెల్లగా తిప్పించండి. గాలి వేలిని పైకి నెట్టి పిస్టన్ పైకి వచ్చినప్పుడు రోటర్ ఒకటో వైరు వైపు చూడాలి. అక్కడినుంచి వరస 1-3-4-2. పాయింట్ల గ్యాప్ సుమారు 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గులది 0.6. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి వేడెక్కాక ఆగిపోతుంటే కండెన్సర్‌నో కాయిల్‌నో అనుమానించండి. చల్లారనివ్వకుండా అప్పుడే స్పార్క్ చూడాలి. ఏది సరిచేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి. ఒకేసారి టైమింగూ కార్బరేటరూ కదిపితే ఏది నయం చేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

క్యామ్, ట్యాపెట్లు కొత్తవైతే మొదటి 20 నిమిషాలు స్లోలో వదలకుండా 2000 ఆర్‌పీఎం దగ్గర నడపండి. కళ్ళు ప్రెషర్ మీటరు మీదా టెంపరేచర్ ముల్లు మీదా ఉంచండి. చల్లారాక హెడ్ బిగింపు, ట్యాపెట్ గ్యాప్ మళ్ళీ చూసుకోండి.

మొదటి ఆయిల్‌ని 500 కిలోమీటర్లకే దించండి. ఆ ఫిల్టర్‌ని చెత్తబుట్టలో వేయకుండా కోసి, మడతలు విప్పి, ఎండలో పట్టుకుని చూడండి. కాస్త నల్లటి రజను కనిపించడం మామూలే. రాగిరంగు మెరుపు కనిపిస్తే మాత్రం బండిని ఇంకో కిలోమీటరు కూడా నడపకండి.