స్వీడన్‌లో ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మా అబ్బాయి స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. షాపింగ్ మీద ఆసక్తి లేదు. చరిత్ర, ప్రకృతి చూడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: యూర్‌గోర్డెన్ దీవితో మొదలుపెట్టండమ్మా. అక్కడి వాసా మ్యూజియానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. 1628లో తొలి ప్రయాణానికి బయల్దేరిన వాసా యుద్ధనౌకే అక్కడ ఉంది. అది కిలోమీటరున్నర కూడా పోకముందే మునిగింది. పైన బరువెక్కువ, అడుగున చాలలేదు. గాలికి ఒరగగానే, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు దూసుకొచ్చాయి. అది మునిగిన బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ కాబట్టి కలపను తొలిచే ఓడపురుగు అక్కడ బతకదు. అందుకే 1961లో పైకి తీసినప్పుడు ఓడ దాదాపు చెక్కుచెదరలేదు. లోపలికి ఎక్కనివ్వరు, ఒక్కో అంతస్తు ఎక్కుతూ చుట్టూ తిరిగి చూడాలి. ముక్కున దూకుతున్న సింహాన్ని మర్చిపోకండి.

పక్కనే స్కాన్సెన్. దేశం నలుమూలల నుంచి తెచ్చి నిలబెట్టిన పాత ఇళ్లు, ఎలుగుబంట్లు ఉంటాయి. 1891 నుంచి ఉంది. మిడ్‌సమ్మర్ పండుగనాడు అక్కడే ఉండండి, ఎలాగూ ఊళ్లో చాలా దుకాణాలు మూసేస్తారు. ఉప్సాలా నగరానికి ఒక పగలు చాలు. వృక్షశాస్త్రవేత్త లినేయస్ సమాధి అక్కడి కెథడ్రల్లోనే ఉంది.

ప్రకృతికైతే రాత్రి రైలెక్కి ఉత్తరాన ఉన్న అబిస్కో వెళ్లండి. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు. అందువల్ల ధ్రువకాంతులు కనిపించవు, వాటికోసమైతే చలికాలంలో రావాలి. అడవుల్లో ఎవరైనా స్వేచ్ఛగా నడవచ్చు, ఇళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకూడదు. దోమల మందు, కళ్లకు గంతలు, బ్యాంకు కార్డు తప్పక తీసుకెళ్లండి. చాలాచోట్ల నోట్లు తీసుకోరు.