ఆకంతా తెల్లబడ్డాక కొట్టే మందు దండగే

ఆగస్టు వచ్చిందంటే న్యూజెర్సీ, ఒహాయో, న్యూయార్క్ వైపు నుంచి అవే ఫోటోలు. దోస పాదు పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది, పక్కన మందు సీసా బొమ్మ ఉంటుంది. "షాపులో ఇదే ఇచ్చారు, మూడుసార్లు కొట్టాం, తగ్గలేదు" అని రాస్తారు. తగ్గదండీ. బూడిద తెగులు ఆకంతా కమ్మేశాక ఆ ఆకును ఏ మందూ తిరిగి పచ్చగా చేయలేదు. అందుకే ఈ నెల శీర్షికలో చోటంతా దాదాపు దోసకే ఇస్తున్నాను.

"వానల్లేవు కదా, తెగులెలా వచ్చింది?" అని చాలామంది అడుగుతున్నారు. ఇది వాన కోసం కాచుకునే తెగులు కాదు. ఆకు మీద నీరు నిలిస్తే దీని బీజాలు సరిగా మొలకెత్తవు కూడా. 68 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, గుబురుగా అల్లుకున్న తీగ, లోపల నీడ, గాలిలో కొంచెం తేమ ఉంటే చాలు. బీజం పడ్డ 3 నుంచి 7 రోజుల్లో మచ్చ కట్టి, మళ్లీ బీజాలు వదులుతుంది. పొడిగా ఉందని పాదు వైపు చూడకుండా వదిలేసిన ఆ ఒక్క వారంలోనే పని చెడుతుంది. యూరియా దండిగా వేసి తీగను లేతగా, గుబురుగా పెంచినవారికి మరీ త్వరగా వస్తుంది.

చలి గట్టిగా ఉండే రాష్ట్రాల్లో ఈ శిలీంధ్రం సాధారణంగా శీతాకాలం దాటదు. బతికున్న మొక్క మీదే బతుకుతుంది కాబట్టి ఏటా దక్షిణాది నుంచి గాలి మీద కొత్తగా వస్తుంది. మరి బూడిద తెగులుకని మట్టిలో పోయడానికి మందు ఎందుకు కొంటున్నారు? గులాబీకి, ద్రాక్షకు వచ్చే బూడిద వేరే శిలీంధ్రాలది, అది దోసకు పాకదు. "ఒకదానికి వస్తే తోటంతా కొట్టాలి" అని ఎవరైనా అంటే వాళ్లు మీ తోటను కాదు, మీ జేబును చూస్తున్నారు.

చూడాల్సింది పైన మెరిసే లేత ఆకులను కాదు. పాదు మొదట్లో, నీడలో ఉన్న ముదురాకును తిప్పి అడుగున చూడండి. గుండ్రంగా, పలచగా తెల్ల మచ్చ ఉంటే బొటనవేలితో రుద్దండి. పొడి వేలికి అంటితే తెగులు. గుమ్మడి, జుకినీ ఆకుల మీద ఈనెల వెంట వెండి చారలు పుట్టుకతోనే ఉంటాయి, రుద్దినా రావు. వాటిని తెగులనుకుని మందు కొట్టినవారు ప్రతి ఏడాదీ ఉంటున్నారు. 50 ముదురాకులు రెండు వైపులా చూస్తే ఒక్కదాని మీద మచ్చ కనపడినా మందు మొదలుపెట్టాలని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు రైతులకు చెప్పే లెక్క. పెరటి తోటకైనా ఇదే లెక్క పెట్టుకోండి.

మొదటి మచ్చ దగ్గరే ఉంటే ఖరీదైన మందు అక్కర్లేదు. పొటాషియం బైకార్బొనేట్ గానీ, తోటల కోసం అమ్మే నూనె గానీ లేబుల్ మీద రాసిన మోతాదులో, ఆకు అడుగు బాగా తడిసేలా, సాయంత్రం తేనెటీగలు వెళ్లాక కొట్టండి. గంధకం తెగులు రాకముందు కాపలాకే గానీ వచ్చాక కాదు. కొన్ని ఖర్బూజా రకాల ఆకులను అది మాడుస్తుంది కూడా. ఎండ 90 డిగ్రీలు దాటే రోజు నూనె, గంధకం రెండూ వద్దు. ఒకటి కొట్టిన రెండు వారాల్లోపు రెండోది అసలు వద్దు. వంటింటి బేకింగ్ సోడాతో నేలలో సోడియం చేరుతుంది.

పురుగుకూ, నల్లికీ, తెగులుకూ కలిపి ఒకే సీసా అని అమ్మేవి దోసకు కొనకండి. వాటిలో చాలావాటి లేబుల్ గులాబీల వరకే, కూరగాయలకు కాదు. పైగా అందులోని పురుగుమందు తేనెటీగను చంపితే దోసకు పిందే పట్టదు. ఆకు మీద చిన్న అక్షింతల పురుగులు తిరుగుతుంటే చంపకండి. వాటిలో ఒక జాతి ఈ బూడిదనే తిని బతుకుతుంది.

అమ్మకానికి పండించేవారికి ఒక మాట. లేబుల్ మీద, మందు పనిచేసే తీరును తెలిపే గ్రూప్ సంఖ్య చూడకుండా పేరు మార్చి మందు మార్చామనుకుంటున్నారు. 11 అని ఉన్న స్ట్రోబిలురిన్లకు, 1 అని ఉన్న పాత మందులకు ఈ తెగులు అమెరికాలో చాలాచోట్ల లొంగడం లేదు. ఇండియా నుంచి కార్బెండజిమ్ తెప్పించుకోవడం మానండి. అది కూడా ఆ 1వ గుంపుదే, ఇక్కడ తిండి పంటలకు అనుమతి లేదు. 2012లో బ్రెజిల్ నారింజ రసంలో దాని ఆనవాళ్లు కనపడితే ఎఫ్‌డీఏ దిగుమతులనే ఆపి పరీక్షించింది.

వచ్చే ఏడాదికి విత్తనం ప్యాకెట్ మీద బూడిద తెగులును తట్టుకుంటుందని పీఎం గుర్తు ఉన్న రకం తీసుకోండి. 1925లో కాలిఫోర్నియా ఇంపీరియల్ వ్యాలీలో ఖర్బూజా తోటలను ఈ తెగులు పట్టి పీడిస్తే, భారతదేశపు ఖర్బూజా విత్తనంలోని గుణంతోనే పీఎంఆర్ 45 రకం తయారై 1936లో విడుదలైంది. 1938కల్లా దాన్నీ లొంగదీసే కొత్త తెగ బయటపడింది. అందుకని తట్టుకునే రకం వేసినా ఆకు తిప్పి చూడటం మానకూడదు. ఊరి నుంచి తెచ్చిన విత్తనమైనంత మాత్రాన తట్టుకుంటుందని నమ్మకండి, పైగా ఆరోగ్య ధ్రువపత్రం లేని విత్తనం తీసుకురావడం ఇక్కడ చట్టవిరుద్ధం.

కాపు చివరికి వచ్చి, మరో రెండు మూడు వారాల్లో పాదు తీసేసేవారు మందు జోలికి పోవద్దు. కాయలకు ఈ తెగులు పట్టడం అరుదు, కోసుకుని తినండి.

సొర, బీరకూ ఇదే పద్ధతి. తోటకూర ఆకు అడుగున తెల్ల పొక్కులు బూడిద కాదు, తెల్ల తుప్పు. ఆ ఆకులు కోసి పారేయండి. కాలిఫోర్నియా ద్రాక్షవారు కాయ కట్టిన కొత్తలో గంధకం తప్పించి ఉంటే ఇప్పుడు కాయ కోసం కొట్టి లాభం లేదు. కరివేపాకు మొక్కను వేరే రాష్ట్రంలోని చుట్టాలకు పంపకండి, నిమ్మజాతి తోటలను చంపే తెగులును మోసే సిల్లిడ్ పురుగు దాని మీద ప్రయాణం చేస్తుంది.