ఆ బరువు ఒక్కదానివే మోయకు



పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గరి స్పీచ్ థెరపీ సెంటర్‌లో చేరి ఏడాది తిరగకముందే ‘ఈ పనికి కావాల్సిన ఓర్పు నాలో లేదేమో అత్తమ్మా’ అని రాశావు. నీకు ఓర్పు తక్కువ కాదు, ఆసరా తక్కువ. స్పీచ్ థెరపిస్టుగా ఇన్నేళ్లు పనిచేసి నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో బర్నౌట్‌ను రోగమనలేదు. పనిచేసే చోటి ఒత్తిడి ఎంతకూ తగ్గక వచ్చే స్థితి అంది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరగడం, ‘నా వల్ల ఏమీ కావడం లేదు’ అనిపించడం దాని గుర్తులు. నీ ఉత్తరంలో మూడూ కనిపించాయి. కాబట్టి నిన్ను నువ్వు తప్పుపట్టుకోకు, పని సాగే తీరు మార్చుకో.

నిన్ను ఎక్కువగా బాధపెట్టేది ఏమిటో నాకు తెలుసు. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కుటుంబం. పిల్లాడు అప్పుడప్పుడే నీ కళ్లలోకి చూస్తూ నీళ్లు, బంతి అడగడం నేర్చుకుంటుంటాడు. ఇంతలో తండ్రి కాంట్రాక్టు అయిపోతుంది, ఊరికి వెళ్లిపోతారు. చేసిందంతా వృథా అనిపిస్తుంది. అలా కాకుండా ఉండాలంటే మొదటి రోజు నుంచే తల్లిని పక్కన కూర్చోబెట్టుకో. అన్నం పెట్టేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు ఏం మాట్లాడాలో, జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చేసి చూపించు. ఆమె తన భాషలోనే మాట్లాడనీ. రెండు భాషలు విన్నంత మాత్రాన మాటలు ఆలస్యం కావు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి దేశమంతా నడుస్తోంది. వాళ్ల సొంత జిల్లాలో ఆ పథకం కింద పిల్లలను చూసే కేంద్రం ఎక్కడుందో కనుక్కొని, ఇంతవరకు ఏం నేర్పావో రాసి చేతికివ్వు. అప్పుడు పిల్లాడు వెళ్లినా నీ పని ఆగదు.

‘ఎప్పుడు మాట్లాడతాడు మేడం?’ అని తల్లిదండ్రులు రోజూ అడుగుతారు. తారీఖు చెప్పకు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయితే చాలు మాటలు వచ్చేస్తాయనుకునే తల్లిదండ్రులకు, వినడం నేర్పే శిక్షణ ఆ తర్వాతే మొదలవుతుందని నెమ్మదిగా చెప్పు. నెలనెలా పిల్లాడిలో వచ్చిన మార్పులు వాళ్లతో కలిసి రాయి. వేలితో చూపించడం, పిలిస్తే తిరగడం, వంతు కోసం ఆగడం కూడా మాటకు మెట్లే. వాళ్ల నిరాశ తగ్గడానికీ, నీ నమ్మకం నిలవడానికీ ఆ కాగితం పనికొస్తుంది.

ఇక నీ సంగతి. ఒక సెషన్‌కీ ఇంకో సెషన్‌కీ మధ్య కాస్త వ్యవధి ఇవ్వమని యజమానిని అడుగు. గొంతు నీ పనిముట్టు, నీళ్లు తాగు, అరవకు. రాత్రి వాట్సాప్ సందేశాలకు పొద్దున జవాబివ్వొచ్చు. ఇవి సుఖం కోసం అడిగేవి కావు, అలసిన థెరపిస్టు ముందు కూర్చున్న పిల్లాడికే నష్టం.

అన్నిటికన్నా ముఖ్యం, తోటివాళ్లు. సంగారెడ్డి, పటాన్‌చెరు, బీహెచ్‌ఈఎల్ వైపు నీలాగే చిన్న సెంటర్లలో ఒంటరిగా పనిచేసేవాళ్లు ఉంటారు. భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే టీచర్లున్నారు. పదిహేను రోజులకోసారి కలవండి. పిల్లల పేర్లు బయటపెట్టకుండా, ఎక్కడ చిక్కుకున్నారో చెప్పుకోండి. అక్కడ ఎవరూ ఎవరి పనికీ మార్కులు వేయకూడదు. ముందు వినాలి, అడిగితేనే సలహా చెప్పాలి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం సికింద్రాబాద్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, అక్కడ అనుభవమున్నవాళ్లను అప్పుడప్పుడు పిలవండి. కలిసినా దిగులు తగ్గక, నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టరును కలువు, ఆలస్యం చేయకు.

కొత్తగా చేరే అమ్మాయి రేపు నీ దగ్గరికి ఇదే ప్రశ్నతో వస్తుంది. ఆమెను ఓర్చుకోమని చెప్పి పంపకు, మీ గుంపులో కలుపుకో. ఈ ఆదివారమే ఇద్దరికి ఫోన్ చెయ్యి. ముగ్గురుంటే మొదలుపెట్టొచ్చు.

ఆశీస్సులతో,
నీ మేనత్త